ఫిట్స్ ఏ వేళకి వచ్చాయి? ఆ ప్రశ్న వెనక ఉన్న చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే ఇంట్లో పెద్దవాళ్ల చూపు క్యాలెండర్ మీదే ఉంటుంది. "అమాస దగ్గరకొచ్చింది, పిల్లని బావి కాడికి పంపకండి" అంటారు. చంద్రుడికీ మూర్ఛకీ ముడిపెట్టడం ఒక్క మన దగ్గరే లేదు, పాతకాలపు గ్రీకులూ రోమన్లూ అదే నమ్మారు. చంద్రుడి మీద వేసిన ఆ నింద తప్పు. ఫిట్స్‌కి ఒక వరస ఉంటుందని గమనించడం మాత్రం తప్పు కాదు. ఆ వరస ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి వైద్యానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది.

చాలామందికి మూర్ఛ నిద్రలోనే మొదలవుతుందని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. దాన్ని లెక్కగట్టి చూసినవాడు లండన్ వైద్యుడు విలియం గోవర్స్. 1885 నాటికి ఆయన 850 మంది రోగులకు ఫిట్స్ వచ్చే వేళలు పరిశీలించాడు. 42 శాతం మందికి పగలు మాత్రమే, 21 శాతం మందికి రాత్రి మాత్రమే వస్తున్నాయి. రెండు పూటలా వచ్చేవాళ్లు 37 శాతమే. 1929లో లాంగ్డన్-డౌన్, రస్సెల్ బ్రెయిన్ అనే ఇద్దరు మరికాస్త లోతుకు వెళ్లి, గంటల వారీగా రాసిపెట్టారు. రాత్రి ఫిట్స్ రాత్రంతా ఒకేలా రావడం లేదని, నిద్రపట్టిన తొలి గంటల్లో ఒకసారి, తెల్లవారుజామున మరోసారి గుంపుకడుతున్నాయని తేలింది. అదే ఏడాది జర్మనీలో హన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాల గీతలను మొదటిసారి ప్రచురించాడు. ఇవాళ మనం ఈఈజీ అంటున్నది అదే. గాఢనిద్రలో మెదడు కణాలు ఒకే లయలో పనిచేస్తాయి కాబట్టి ఒక మూల పుట్టిన అలజడి సులువుగా పాకుతుందని ఈ పరీక్ష వల్లే తర్వాత అర్థమైంది. "ముందురోజు రాత్రి తక్కువ పడుకుని రండి" అని ఈఈజీకి ముందు చెప్పేది కూడా అందుకే. పరీక్ష చేసేటప్పుడు కాసేపు నిద్రపడితే దాగున్న తేడా బయటపడుతుంది.

నా దృష్టిలో ఈ చరిత్రలో మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరిది జర్మన్ వైద్యుడు డీటర్ యాంజ్ చేసిన పని. 1957లో ఆయన, సహచరుడు క్రిస్టియన్‌తో కలిసి, ఎదిగే వయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛను వివరంగా రాశాడు. పొద్దున్న లేచిన కాసేపటికే చేతులు ఉలిక్కిపడి అదురుతాయి. చేతిలో ఉన్న టీ గ్లాసో, పళ్లు తోముకునే బ్రష్షో ఎగిరి పడుతుంది. స్పృహ పోదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అది జబ్బు అనిపించదు. పిల్ల అజాగ్రత్త అని తిడతారు, లేదా పరీక్షల టెన్షన్ అనుకుంటారు. తర్వాత ఏ రోజో, ముందు రాత్రి సరిగ్గా నిద్రలేని పొద్దున, పెద్ద ఫిట్ వస్తుంది. విజయనగరంలో పైడితల్లి సిరిమాను జాతరకు ముందు రాత్రి, తొలేళ్ల ఉత్సవానికి తెల్లవార్లూ తిరిగినా, శివరాత్రికి శ్రీముఖలింగంలో జాగారం చేసినా ఈ పిల్లలకు ప్రమాదమే. భక్తిని తప్పుపట్టడం లేదు, వాళ్లను మాత్రం ఆ రాత్రి పడుకోనివ్వండి. ఫిట్స్ వేళ తెలియకపోతే మందు ఎంపికే తప్పిపోవచ్చు. వేరే రకాల మూర్ఛకు బాగా పనిచేసే కార్బమాజెపిన్ ఈ రకంలో అదుర్లను పెంచగలదు. అందువల్ల డాక్టరుకు "లేవగానే చేతులు అదురుతున్నాయి" అనే ఒక్క మాట చెప్పడం చాలా అవసరం.

నిద్రలో ఒక్కసారిగా లేచి కాళ్లూ చేతులూ విసురుతూ అరిచేవాళ్ల సంగతి ఇంకోలా నడిచింది. మన దగ్గర దాన్ని గాలి సోకడం అంటారు. ఇటలీలోని బొలోన్యా వైద్యులు 1981లో ఇలాంటి రోగులను వర్ణించినప్పుడు అది నిద్ర జబ్బా, మూర్ఛా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. చివరకు వీటిలో చాలావరకు మెదడు ముందు భాగంలో పుట్టే మూర్ఛే అని నిర్ధారణ అయింది. 1995లో కొన్ని కుటుంబాల్లో దానికి కారణమైన జన్యువు కూడా దొరికింది.

నిద్ర ఒక్కటే అన్నిటికీ కారణం కాదు. కణతల వైపు మెదడులో పుట్టే ఫిట్స్ మెలకువగా ఉండే మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఎక్కువని 1998లో అమెరికాలో గుర్తించారు. నిద్రతో పాటు ఒంట్లో ఇంకేదో గడియారం నడుస్తోందన్నమాట. ఆ గడియారం కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న ముద్దలో ఉంటుందని 1972లో ఎలుకల మీద ప్రయోగాలు తేల్చాయి. దాన్ని నడిపే జన్యువుల మీద పనిచేసిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. మూర్ఛ ఆపరేషన్లలో తీసిన మెదడు ముక్కల్లో ఈ గడియారానికి చెందిన 'క్లాక్' అనే ప్రొటీన్ తగ్గి ఉందని కూడా అదే ఏడాది ప్రచురితమైంది.

2018లో మరో సంగతి తెలిసింది. తలలో అమర్చిన పరికరాలు 37 మంది మెదడు తరంగాలను ఏళ్ల తరబడి నమోదు చేస్తే, రోజువారీ లయతో పాటు చాలామందిలో 20 నుంచి 30 రోజుల లయ కూడా కనిపించింది. ఆడవాళ్లలోనూ, మగవాళ్లలోనూ. అయితే ఎవరి లయ వారిది. ఒకరి గడ్డురోజు మరొకరికి మామూలు రోజు. తన బిడ్డకు నెలకోసారి వస్తోందని చెప్పే తల్లి మాటను కొట్టిపారేయకూడదు. ఆమె తేదీలు రాసిపెడితే డాక్టరుకు ఎంతో పనికొస్తాయి.

మందు వేళల మీద కూడా పరిశోధన జరిగింది. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ అనే మూర్ఛ మందుల మోతాదును రాత్రి వైపు జరిపితే కొందరిలో అదుపు మెరుగైందని 2006లో పుణె వైద్యులు రాశారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టుకు వెళ్లేవాళ్లకూ, చీకట్లో వేటకు బయల్దేరే భావనపాడు, కళింగపట్నం మత్స్యకారులకూ ఇది నేరుగా తగిలే విషయం. వాళ్ల రాత్రి మనందరి రాత్రి కాదు. 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని చీటీ మీద రాసిన మాత్రలు వాళ్ల రోజులో ఎక్కడ పడతాయో డాక్టరు అడగాలి, అడక్కపోతే వాళ్లే షిఫ్టు వేళలు చెప్పాలి. సొంతంగా మాత్రల వేళ మార్చినా, ఒక పూట మానేసినా ఫిట్స్ తిరగబెట్టొచ్చు. వీలైతే రాత్రి షిఫ్టు తప్పించమని డాక్టరు రాసిచ్చే కాగితాన్ని సూపర్‌వైజరు మన్నించాలి.