గార్బేజ్ డిస్పోజర్: బ్లేడ్లు లేని మిషను మీద ఎన్ని అపోహలో

సింకు కింద బిగించి, వంటింటి తిండి వ్యర్థాలను రుబ్బే డిస్పోజర్ మొరాయించిందంటే అందరి చూపూ మోటారు మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు మోటారుది కాదు. మిషను పని రుబ్బడం వరకే. రుబ్బినదాన్ని మోసుకుపోవాల్సింది నీళ్లు, పోనివ్వాల్సింది పైపు.

అపోహ: లోపల మిక్సీలాగా బ్లేడ్లుంటాయి, అప్పుడప్పుడూ ఐసు వేసి పదును పెట్టాలి.

బ్లేడ్లే లేనప్పుడు పదునెక్కడిది? లోపల ఒక గుండ్రటి పళ్లెం, దాని మీద అటూ ఇటూ ఊగేలా వదులుగా బిగించిన రెండు లోహపు ముక్కలు ఉంటాయి. వాటినే ఇంపెల్లర్లు అంటారు. మోటారును బట్టి సాధారణంగా నిమిషానికి 1,400 నుంచి 2,800 చుట్లు తిరుగుతూ, పడినదాన్ని చుట్టూ ఉన్న కదలని పళ్ల రింగుకేసి విసిరికొడతాయి. ఐసు ఆ రింగుకు పట్టిన జిడ్డును గీకుతుంది, అంతవరకు మంచిదే. అసలు చూడాల్సింది ఇంపెల్లర్లు ఊగుతున్నాయా లేదా అని. ప్లగ్గు పీకి, టార్చి వేసి, చెక్క గరిటె కాడతో కదిపి చూడండి. ఒకటి బిగుసుకుపోయి ఉంటే మిషను గడగడా ఊగిపోతుంది, సరిగ్గా రుబ్బదు.

అపోహ: వేడినీళ్లు పోస్తే జిడ్డు కరిగి కొట్టుకుపోతుంది.

కరుగుతుంది, నిజమే. పైపులో కొంత దూరం పోయాక చల్లారి గోడలకు పట్టేస్తుంది. చన్నీళ్లలో కొవ్వు గట్టిపడి ముక్కలై వెళ్తుంది. ముందు ట్యాపు తిప్పాలి, తర్వాతే స్విచ్చి. రుబ్బే చప్పుడు ఆగాక ఇంకో 15-20 సెకన్లు నీళ్లు పారనివ్వాలి. నూనె మాత్రం చన్నీళ్లతోనైనా పోయొద్దు.

అపోహ: హెచ్‌పీ (మోటారు శక్తి) ఎక్కువున్నది కొంటే ఏదైనా వేయొచ్చు.

1 హెచ్‌పీ మోటారు అర హెచ్‌పీ కన్నా తక్కువ ఇరుక్కుంటుంది, అంతే. పైపు వెడల్పు మారదుగా! అన్నం నానేకొద్దీ ఉబ్బుతుంది. బంగాళాదుంప తొక్కలు గంజిలా చిక్కబడతాయి. కాఫీ పొడి పీ-ట్రాప్ (సింకు కింద వంపు తిరిగిన పైపు) అడుగున పేరుకుంటుంది. మొక్కజొన్న పొట్టు, అరటి తొక్క లాంటి నారున్నవి ఇంపెల్లర్లకు తాడులా చుట్టుకుంటాయి. ఇవి చెత్తబుట్టకే.

అపోహ: 'మ్మ్' అంటూ తిరగకపోతే మోటారు కాలిపోయినట్టే.

ఆ చప్పుడు వస్తోందంటే కరెంటు అందుతోందని, పళ్లెం ఇరుక్కుందని అర్థం. వెంటనే స్విచ్చి ఆపండి, అలాగే వదిలేస్తే అప్పుడు నిజంగానే కాలుతుంది. ప్లగ్గు పీకండి. చాలా మోడళ్లకు అడుగున నడిమధ్యలో ఆరు మూలల రంధ్రం ఉంటుంది. అందులో 1/4 అంగుళం అలెన్ కీ పెట్టి, వదులయ్యేదాకా రెండువైపులా తిప్పండి. పైనుంచి పట్టకారుతో అడ్డుపడినది తీయండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. కాసేపు చల్లారనిచ్చి అడుగునున్న ఎర్ర రీసెట్ బటన్ నొక్కండి. అసలు ఏ చప్పుడూ లేకపోతే ముందు నొక్కాల్సింది ఈ బటనే.

అపోహ: సింకుకు బిగిస్తే ఫిటింగ్ అయిపోయినట్టే.

ఎక్కువ ఫిర్యాదులకు పుట్టిల్లు ఇదే. సింకు రంధ్రం మామూలుగా 3.5 అంగుళాలు, అంటే సుమారు 90 మిల్లీమీటర్లు. ఆ రంధ్రంలో కూర్చునే లోహపు అంచు, అంటే ఫ్లాంజ్ కింద చిటికెన వేలంత లావున ప్లంబర్ పుట్టీ (నీళ్లు కారకుండా పెట్టే మెత్తటి ముద్ద) చుట్టూ తెగకుండా పెట్టాలి. కింద మూడు స్క్రూలను ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, సమంగా బిగించాలి. ఒకదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే ఫ్లాంజ్ ఒరిగి, ఒకవైపు నుంచి కారుతుంది.

అంతకన్నా ముఖ్యం, డిస్పోజర్ నుంచి నీళ్లు బయటికొచ్చే నోరు గోడలోని డ్రెయిన్ కన్నా ఎత్తులో ఉండాలి. సింకు మార్చి లోతైనది పెట్టినప్పుడు డిస్పోజర్ కూడా కిందికి దిగుతుంది. అప్పుడు మురికి నీళ్లు అందులోనే నిలిచి కంపు కొడతాయి, నిందేమో మిషను మీద పడుతుంది. దీనికి మందు గోడలోని డ్రెయిన్‌ను కిందికి దించడమే.

డిష్‌వాషర్ హోస్ తగిలించే ముందు, దాని కోసం డిస్పోజర్ పక్కన ఉండే గొట్టంలోని ప్లాస్టిక్ బిరడాను స్క్రూడ్రైవర్, సుత్తితో కొట్టి, లోపల పడిన ముక్కను బయటికి తీసేయాలి. మరిచిపోతే డిష్‌వాషర్ నీళ్లు పోవు.

అపోహ: నిమ్మతొక్కలు వేస్తే వాసన పోతుంది.

కాసేపు కప్పేస్తుంది. కంపు ఉండేది సింకు నోట్లోని రబ్బరు రెక్కల అడుగువైపు, అక్కడికి నిమ్మతొక్క చేరదు. ప్లగ్గు పీకి, రెక్కలు పైకి మడిచి, పాత టూత్‌బ్రష్‌కు సబ్బు పెట్టి తోమండి. బ్రష్‌కు వచ్చే నల్లటి జిగురు చూస్తే సంగతి తెలిసిపోతుంది. డ్రెయిన్ క్లీనర్ రసాయనాలు మాత్రం పోయొద్దు, రబ్బరునూ సీళ్లనూ తినేస్తాయి.

అపోహ: కారితే కొత్తది కొనాల్సిందే.

ఎక్కడ కారుతోందో చూడండి. పైన ఫ్లాంజ్ దగ్గరైతే పుట్టీ తీసి కొత్తది పెట్టాలి. పక్క నుంచైతే పైపును పట్టి ఉంచే క్లాంపో, సందు మూసే రబ్బరు గాస్కెటో చూడాలి. రీసెట్ బటన్ చుట్టూ చుక్కలు పడుతుంటే మాత్రం సాధారణంగా లోపలి సీలు పోయినట్టే, అప్పుడు యూనిట్ మార్చడమే మేలు.