పొద్దున లేవగానే మడమ ఆనడం లేదా? అపోహలు - వాస్తవాలు

మంచం దిగి టైల్స్ మీద కాలు పెట్టగానే మడమ లోపలి వైపు మేకు దిగినట్టు పోటు. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ఇలా ఉంటే చాలావరకు అది ప్లాంటార్ ఫేసియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి వంపును పట్టి ఉంచే గట్టి పట్టీ, ఎముకకు అతుక్కునే చోట దెబ్బతింటుంది.

అపోహ: ఎముక పెరిగి గుచ్చుకుంటోంది.
ఎక్స్‌రేలో ముల్లులా కనిపించే ఆ పెరుగుదల ఏ నొప్పీ లేని ఎంతోమందికి ఉంటుంది. నొప్పి పోయాక కూడా అది అక్కడే ఉంటుంది. దాన్ని కరిగిస్తామనే మందులకు డబ్బు పోయకండి.

అపోహ: యూరిక్ యాసిడ్ వల్లే.
యూరిక్ యాసిడ్ పెరిగితే వచ్చే కీళ్ల జబ్బు గౌట్. అది ఎక్కువగా బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి వస్తుంది. పప్పు, టమాటా మానేస్తే ఈ నొప్పి తగ్గదు.

అపోహ: విశ్రాంతి తీసుకుంటే అదే పోతుంది.
ఎక్కువమంది నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. నొప్పి పాతబడేకొద్దీ వాపు కన్నా పట్టీ నారలు పాడవడమే ఎక్కువగా ఉంటుంది. వాటికి బలం రావాలంటే కొలత ప్రకారం బరువు పడాలి.

ముందు సాగదీత. మంచం మీదే నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, ఐదు వేళ్లనూ మోకాలి కింది ఎముక వైపు వెనక్కి లాగండి. రెండో చేత్తో తడిమితే పట్టీ వీణ తీగలా బిగిసి తగలాలి. తగలకపోతే ఇంకాస్త లాగండి. 10 లెక్కపెట్టి వదలండి. 10 సార్లు, రోజుకు 3 పూటలు. మొదటి పూట కాలు కింద పెట్టకముందే.

తర్వాత బలం. చుట్టిన తువ్వాలు వేళ్ల కింద పెట్టి, మెట్టు అంచున గోడ పట్టుకుని నొప్పి కాలి మీద నిలబడండి. 3 సెకన్లలో మడమ లేపి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో దించండి. 12 సార్ల చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలితో కష్టమైతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక వీపున బరువు సంచి తగిలించి 10 సార్లు, 4 విడతలు. చాలామంది తువ్వాలు మానేస్తారు. వేళ్లు పైకి వంగితేనే పట్టీ మీద బరువు పడుతుంది. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఫర్వాలేదు. మర్నాడు తొలి అడుగు మరీ నొప్పెడితే విడతలు తగ్గించండి. ఫలితానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

అపోహ: విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నడిస్తే మంచిది.
మెత్తటి ఇసుకలో మడమ దిగబడి పిక్క, పట్టీ మరింత సాగుతాయి. నొప్పి ఉన్నన్నాళ్లూ బూట్లు వేసుకుని బీచ్ రోడ్డు మీదే నడవండి. ఇంట్లోనూ మెత్తటి చెప్పులు ఉండాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. ఆ మొక్కు ఉన్నవాళ్లు ఆషాఢానికి కనీసం మూడు నెలల ముందే ఈ వ్యాయామాలు మొదలుపెట్టాలి.

అపోహ: ఒక్క ఇంజెక్షన్‌తో సరి.
స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉపశమనం కొన్ని వారాలే. పదేపదే వేయించుకుంటే మడమ కింది కొవ్వు మెత్త పలచబడవచ్చు, పట్టీ తెగవచ్చు.

రాత్రి పడుకున్నా నొప్పి, తిమ్మిరి, జ్వరం, మడమను రెండు పక్కలా నొక్కితే విపరీతమైన పోటు ఉంటే వ్యాయామం ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. షుగర్ ఉండి పాదాల స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్ల కాపడం, ఐసు రెండూ పెట్టొద్దు; కాలినా, పుండు పడినా తెలియదు.