కార్లు ఏం మాట్లాడుకుంటాయి? కనెక్టెడ్ వాహనాలపై అపోహలు - వాస్తవాలు

ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయి అడిగేది ఒకటే: "ఏరా, ఆ డ్రైవర్ లేని కారు ఎంతదాకా వచ్చింది?" నా పని అది కాదు బాబాయ్ అని ఏళ్లుగా చెబుతూనే ఉన్నా. అమెరికాలోని మిషిగన్‌లో కనెక్టెడ్ వాహనాలను, అంటే ఒకదానితో ఒకటీ, సిగ్నళ్లతోనూ రేడియోలో మాట్లాడుకునే బండ్లను, రోడ్డు మీద పరీక్షించే బృందంలో ఇంజనీరుని నేను.

అపోహ: కనెక్టెడ్ కారు తనంతట తనే నడుస్తుంది.

స్టీరింగు మనిషి చేతిలోనే ఉంటుంది. "ఇక్కడున్నా, ఇంత స్పీడులో ఇటు వెళ్తున్నా, బ్రేకు నొక్కా" అని కారు సెకనుకు 10 సార్లు చుట్టుపక్కల బండ్లకి రేడియోలో చాటింపు వేస్తుంది, అంతే. ఘాట్ రోడ్డులో మలుపు ముందు హారన్ కొడతాం చూడండి, అదే పని. కెమెరాకి ముందున్న లారీ అడ్డం. రేడియోకి ఆ లారీ అవతల ఎవరో సడన్‌గా బ్రేకు వేసిన సంగతి కూడా అందుతుంది.

అపోహ: నెట్ లేకపోతే పనిచేయదు.

ఈ చాటింపుకి టవరూ సిమ్మూ అక్కర్లేదు. 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండులో, కారు నుంచి కారుకి నేరుగా, సుమారు 300 మీటర్ల దాకా వెళ్తుంది.

అపోహ: పోలీసులు మనల్ని వెంటాడతారు.

ఆ సందేశంలో నంబరు ప్లేటు ఉండదు, ఓనరు పేరూ ఉండదు. తాత్కాలిక గుర్తింపు కూడా కొద్ది నిమిషాలకోసారి మారిపోతుంది. నన్నడిగితే, భయపడాల్సింది కారు కంపెనీ యాప్‌కి మనం చదవకుండా నొక్కే "అంగీకరిస్తున్నాను" గురించి.

అపోహ: సిగ్నల్ ఎప్పుడు మారుతుందో కారుకి పక్కాగా తెలుసు.

ఒక జనవరిలో, కూడలి పక్కన కంట్రోలర్ పెట్టె తెరిచి, చేతులు గడ్డకట్టుకుపోతుంటే లాప్‌టాప్ పట్టుకు నిలబడ్డాం. ఎరుపు ఇంకా 12 సెకన్లు అని చూపిస్తున్నది ఉన్నట్టుండి 4కి దూకింది. మా కోడ్‌లోనే తప్పుందని గంటసేపు వెతికాం. తప్పేమీ లేదు. అడ్డ వీధిలో కార్లు అయిపోయాయని రోడ్డు కింది సెన్సరు చెప్పింది, సిగ్నల్ అటు ఆకుపచ్చని ముందే ముగించేసింది. పాదచారి బటన్ నొక్కినా లెక్క మారుతుంది. అందుకే సిగ్నల్ పంపే సందేశంలో "కనీసం ఇంత, గరిష్ఠం ఇంత" అని రెండు సమయాలకి చోటుంటుంది.

అంతకన్నా పెద్ద తలనొప్పి జీపీఎస్. ఇక్కడి రోడ్ల మీద ఒక్కో లేన్ వెడల్పు దాదాపు 3.6 మీటర్లు. జీపీఎస్ మూడు మీటర్లు తప్పిందంటే తిన్నగా వెళ్లే కారు ఎడమ మలుపు లేనులో ఉన్నట్టు లెక్క. ఆ లేనుకి ఎరుపు ఉందని కారు బీప్‌మంటుంది. మూడో ఉత్తుత్తి బీప్‌కి ఏ డ్రైవరైనా దాన్ని ఆపేస్తాడు. నేనైనా అంతే.

అపోహ: సగం కార్లలో పెడితే సగం లాభం.

మాట్లాడాలంటే ఇద్దరుండాలి కదా. సగం కార్లలో ఉంటే, ఎదురుపడిన కార్ల జంటల్లో పావు వంతులోనే ఇద్దరి దగ్గరా ఉంటుంది. 10 శాతం కార్లలో ఉంటే నూటికి ఒక్క జంటే. 2012లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్ ఊళ్లో దాదాపు 2,800 వాహనాలకి ఈ పరికరాలు బిగించి రోడ్డెక్కించింది అందుకే. ఒక్క ఊళ్లో అంత గుంపు లేకపోతే కొలవడానికే ఏమీ దొరకదు.

మరి మొదట ఎవరు కొనాలి? విత్తు ముందా చెట్టు ముందా అన్న పేచీ. కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేద్దామన్న అమెరికా ప్రతిపాదన 2016 చివర్లో వచ్చింది, 2023లో వెనక్కి పోయింది. మధ్యలో 2020లో, 1999 నుంచి ఈ రంగానికున్న 75 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల వాటాలో 45 వైఫైకి ఇచ్చేశారు. మమ్మల్ని వెనక్కి లాగింది సాంకేతికత కన్నా ఈ ఊగిసలాటే అంటాను.

అపోహ: మన రోడ్లకి ఇది పనికిరాదు.

ఇక్కడిది ఉన్నదున్నట్టు పట్టుకెళ్తే నిజమే, పనికిరాదు. 2022లో భారత్‌లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీదివాళ్లే. లేన్లని నమ్ముకున్న హెచ్చరిక వాళ్లకేం ఒరగబెడుతుంది? స్వయంచాలక వాహనాల కోసం కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ పరీక్షా ప్రాంగణం 2022లో మొదలైంది. ఇలాంటివి మన రోడ్ల తీరుని బట్టి అక్కడే తేలాలి.

కానీ అంబులెన్సుకీ సిటీ బస్సుకీ దారివ్వడానికి పక్క బండ్లలో ఏమీ ఉండక్కర్లేదు. 108లో ఒక పెట్టె, సిగ్నల్ స్తంభం మీద ఒకటి ఉంటే చాలు. మొన్న బాబాయికి ఇదే చెప్పా. "మరి మా సెంటర్లో సిగ్నలే పనిచెయ్యదు కదరా" అన్నాడు.