కార్డులో నెగెటివ్, ఎలీసాలో పాజిటివ్

మూడో రోజు జ్వరంలో కార్డు టెస్టు చేయిస్తే డెంగీ లేదన్నారట. అదే రక్తం పెద్ద ల్యాబ్‌కు పంపితే ఎలీసా అనే పరీక్షలో ఉందని వచ్చిందట. ఏది నమ్మాలని ఒక పాఠకురాలు అడిగారు. ఎలీసానే నమ్మాలి. ఎందుకో తెలియాలంటే కార్డు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఈ రెండూ వెతికేది ఎన్ఎస్1 అనే ప్రోటీన్‌నే. వైరస్ సోకిన కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి కాబట్టి జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే దొరుకుతుంది.

కార్డులో ఉండేది సన్నటి నైట్రోసెల్యులోజ్ పట్టీ. ఒక చివర సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) చుక్క వేస్తే, దారిలో ఉన్న బంగారు రేణువులను కలుపుకుని ముందుకు పాకుతుంది. నిజం బంగారమే! పదుల నానోమీటర్ల సైజులో అది పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుంది, ఎంత అందమైన విషయమో. ఆ రేణువులకు ఎన్ఎస్1ను పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. ఫలితం చూపే 'టీ' గీత మీద కూడా అలాంటి యాంటీబాడీలే కదలకుండా ఉంటాయి. ఎన్ఎస్1 ఇటు బంగారాన్ని, అటు గీతను పట్టుకుంటే గీత ఎర్రబడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గీత ఎక్స్‌ప్రెస్ రైలు ఆగని చిన్న స్టేషన్. సీరం దాన్ని చూస్తుండగానే దాటిపోతుంది. ఆ కాస్తలో దిగగలిగినవే దిగుతాయి, మిగతావి పట్టీ చివరిదాకా కొట్టుకుపోతాయి. దిగినవాటిని చూడాల్సింది మన కన్ను. రేణువులు లెక్కలేనన్ని పోగైతే తప్ప గీత కంటికి ఆనదు.

ఎలీసా ఆ రైలును ఆపుతుంది. 96 గుంటలున్న ప్లేటులో సీరం చాలాసేపు నిలిచి ఉంటుంది, అతుక్కోవడానికి కావలసినంత టైమ్ దొరుకుతుంది. అతుక్కోనివి పోయేలా పదేపదే కడుగుతారు. మిగిలిన ఎన్ఎస్1కు హెచ్ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ అంటుకుంటుంది. ఇక్కడే అసలు బలం. ఒక్కో ఎంజైమ్ అణువు వేల రంగు అణువులను పుట్టిస్తుంది. ముందు నీలం, ఆమ్లం వేయగానే పసుపు. దాన్ని యంత్రం 450 నానోమీటర్ల కాంతిలో చదువుతుంది. దిగింది కొద్దిమందే అయినా స్టేషన్ నిండా జనం ఉన్నట్టు కనిపిస్తుంది.

డెంగీ రెండోసారి వచ్చినవాళ్లలో కార్డుకు మరో ఇబ్బంది ఉంది. తొలిసారి సోకినప్పుడు ఒళ్లు తయారుచేసుకున్న ఐజీజీ అనే యాంటీబాడీలు ఈసారి త్వరగా పెరిగి ఎన్ఎస్1ను చుట్టేస్తాయి, అది దొరకదు. ఎలీసాకూ ఈ దెబ్బ కొంత తగులుతుంది. పైగా రోజులు గడిచేకొద్దీ ఎన్ఎస్1 తగ్గుతుంది, కొత్త ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు తయారుచేసే ఐజీఎం అనే యాంటీబాడీలు పెరుగుతాయి. ఐదో రోజు దాటాక వాటిని వెతికే ఐజీఎం ఎలీసా చేయించాలనేది అందుకే. మన దేశంలో ప్రభుత్వ నిఘా ఆసుపత్రులకు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ) తయారుచేసిన ఐజీఎం కిట్లు వెళ్తాయి. కార్డు పాజిటివ్‌ను జాతీయ మార్గదర్శకాలు 'అనుమానిత' కేసుకు ఒక మెట్టు పైన మాత్రమే పెడతాయి, నిర్ధారణ ఎలీసాదే. ఐజీఎం కొన్ని నెలలు రక్తంలో ఉంటుంది కాబట్టి ఒక్క పాజిటివ్ చూసి ఇప్పటి జ్వరమే డెంగీ అని తేల్చలేం, లక్షణాలూ చూడాలి.

ఎలీసాకు ప్లేటు నిండా శాంపిళ్లు కూడేదాకా ఆగే ల్యాబులు ఎక్కువ, రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఈలోగా ప్లేట్‌లెట్లు తగ్గాయని టెన్షన్ పడి బొప్పాయి ఆకు రసం తాగించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మలేరియాలోనూ అవి తగ్గుతాయి, ఆ అంకె డెంగీని తేల్చదు. పారాసెటమాల్, ద్రవాలు ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరం తగ్గే సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.