ఫిజీలో మిషనరీ వారం: అపోహలు - వాస్తవాలు

2015 నుంచి 2017 వరకు నేను ఫిజీ దీవుల్లో మిషనరీగా ఉన్నాను. మాది రాజమహేంద్రవరం. మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. బయట మమ్మల్ని మార్మన్లంటారు. ఆ పేరు కాకుండా పూర్తి పేరు వాడమని 2018లో మా అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ కోరారు. మిషన్‌కు వెళ్లబోయే పిల్లలకు ఇప్పుడు ఆదివారాలు తరగతి చెబుతున్నాను. వాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ, చుట్టాలూ పదేపదే అడిగే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మిషనరీలకు విదేశాల నుంచి జీతం వస్తుంది.

వాస్తవం: ఒక్క రూపాయి కూడా జీతం లేదు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర; ఆ ఖర్చు ఎవరి కుటుంబం వాళ్లే పెట్టుకోవాలి. నేను డిగ్రీ అయ్యాక పద్నాలుగు నెలలు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసి కూడబెట్టాను. మా పెదనాన్న కొంత ఇచ్చారు. అప్పటికీ చాలని మొత్తాన్ని సంఘం నిధి భరించింది. ఆ నిధి కూడా సభ్యులు ఇచ్చిన విరాళాలే.

అపోహ: దీవులంటే సముద్రం, ఇసుక, కొబ్బరిచెట్లు. రెండేళ్ల విహారయాత్ర.

వాస్తవం: మిషనరీ ఈతకు దిగకూడదు. అది నియమం. రెండేళ్లూ ఆ నీలి నీళ్ల పక్కనే నడిచాను, మోకాలు దాటి తడవలేదు. ఉదయం ఆరున్నరకు లేవడం, ప్రార్థన, చదువు, ఆపైన రాత్రి దాకా నడక. తెల్లచొక్కా, టై, దాని కింద సులు. సులు అంటే జేబులు పెట్టి కుట్టిన పంచెలాంటి బట్ట. అక్కడ ఆఫీసులకూ చర్చికీ మగవాళ్లు కట్టుకునే మర్యాదైన దుస్తు అదే. ఎప్పుడూ ఇద్దరం కలిసే ఉండాలి. నా జంట మిషనరీ టోంగా అనే మరో పసిఫిక్ దీవుల దేశం నుంచి వచ్చిన అబ్బాయి. మిషనరీలంటే అమెరికా తెల్లవాళ్లే అనుకునేవారికి ఇది కూడా జవాబే.

సోమవారం సగం రోజు మాది. బకెట్టులో బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, ఇంటికి ఉత్తరం. అప్పట్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే. 2019 ఫిబ్రవరి నుంచి వారానికొకసారి మాట్లాడే వీలు ఇచ్చారు. ఆ మార్పు విన్నరోజు మా అమ్మ, “నాకు ఆ రోజుల్లో ఇచ్చి ఉంటే” అంది.

అపోహ: మార్మన్లకు చాలామంది భార్యలుంటారు.

వాస్తవం: సంఘం ఆ ఆచారాన్ని ముగిస్తున్నట్టు 1890లో ప్రకటించింది. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే సంఘం నుంచి తొలగిస్తారు.

అపోహ: సేవ అంటే ఉన్నవాడు లేనివాడికి చేసేది.

వాస్తవం: నేను కూడా ఇదే నమ్మకంతో విమానం ఎక్కాను. వారంలో ఒకటి రెండు పూటలు మేము పొలం పనికో, ఇల్లు బాగుచేయడానికో వెళ్లేవాళ్లం. మొదటి నెలలో ఒక పెద్దాయన కర్రపెండలం తోటకు వెళ్లాం. అక్కడ దాన్ని తవియోకా అంటారు. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం దీనితోనే చేస్తారు కాబట్టి నాకు తెలిసిన పంటే అనుకున్నాను. ఆయన చెరకు కత్తితో కాండాన్ని జానెడు ముక్కలుగా నరికి ఇస్తుంటే మట్టి కుప్పల్లో గుచ్చుకుంటూ పోయాను. మొలక కన్ను పైకి ఉండాలని నాకు తెలియదు. సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఒక్కొక్క ముక్కనూ పీకి, తిప్పి, మళ్లీ గుచ్చుతున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. పని రాని చేతులతో వెళ్తే మన సేవ ఎదుటివారికి అదనపు పని అవుతుంది. అందుకే నా తరగతికి వచ్చే పిల్లలను ముందు పార పట్టడం, మేకు కొట్టడం నేర్చుకోమంటాను.

ఫిజీవాళ్లకు సేవను మనం నేర్పనక్కరలేదు. ఊరంతా కలిసి, కూలి లేకుండా ఒకరి పని చేసిపెట్టడాన్ని వాళ్లు సొలెసొలెవకి అంటారు. మేము అందులో ఇద్దరం అదనపు మనుషులం, అంతే.

అపోహ: సేవ మతం మార్చడానికి వేసే ఎర.

వాస్తవం: మా విశ్వాసాన్ని చెప్పడానికే మేము వెళ్తాం. అది దాచితే అబద్ధమవుతుంది. కానీ సాయానికి షరతు పెడితే అది సాయమే కాదు, మా సంఘం బోధ కూడా కాదు.

2016 ఫిబ్రవరి 20, శనివారం రాత్రి విన్‌స్టన్ తుపాను వచ్చింది. దేశంలో 44 మంది చనిపోయారు. రాజధాని సువాలో మరమ్మతులు ముగిసిన మా సంఘం దేవాలయాన్ని మరునాడే తిరిగి ప్రతిష్ఠించారు. 2000లో తొలి ప్రతిష్ఠ కూడా దేశంలో తిరుగుబాటు నడుస్తుండగానే జరిగింది.

తర్వాతి వారాల్లో తుపాను దెబ్బ తిన్న రాకిరాకి అనే ఊరి వైపు వెళ్లాం. ఇళ్ల మీద రేకులు చెరకు తోటల్లో పడి ఉన్నాయి. కొత్త మేకులు దొరకడం లేదు. కూలిన దూలాల నుంచి పాత మేకులు పీకి, రాయి మీద పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి నిటారు చేయడమే మా పని. గట్టిగా కొడితే మేకు విరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది మెథడిస్టు శాఖ క్రైస్తవులు, మిగతావారు హిందువులు. పైకప్పు పోయిన ఇంటివాళ్లే మాకు ఉడికించిన పెండలం పెట్టారు. మా సంఘంవాళ్లు టీ తాగరని తెలిసి నిమ్మాకులు మరిగించి ఇచ్చారు. మేమున్న ఆ వారాల్లో ఒక్కరు కూడా మా సంఘంలో చేరలేదు. చేరతారా అని మేము అడగలేదు.

అక్కడే ఒక మామ్మ మా పక్కన కూర్చుని మేకులు లెక్కపెట్టేది. ఆమె ఇంటి గోడకు గ్రామదేవత మారియమ్మ పటం ఒక్కటే మిగిలింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి తెచ్చినవారిలో ఆమె నాయనమ్మ ఒకరు. నాతో ఫిజీ హిందీలోనే మాట్లాడేది. మేకులు మాత్రం “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టేది. పదికి రాగానే ఆగి, హిందీలోకి మారిపోయేది. ఆమెకు నాయనమ్మ నేర్పింది అంతవరకే. నేను తెలుగువాణ్నని చెప్పాక సుత్తి పట్టుకున్న నా చెయ్యి ఆపి, పది తర్వాత ఏమొస్తుందని అడిగింది. పదకొండు అన్నాను. మేకు పక్కన పెట్టి, “పదకొండు” అంది. ఆ సాయంత్రం డబ్బా నిండేసరికి ముప్పై వరకు వచ్చాం.