పుస్తకంలోకి పరిసరాలు వచ్చాయి, శిక్షణలోకి రాలేదు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్ సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక ఇంటింటి గోడ మీదా ఒక మట్టి గీత మిగిలింది. ఒక ఇంటి దగ్గర ఆ గీత నడుము ఎత్తున ఉంటే, అదే వీధిలో ఇంకో ఇంటి దగ్గర భుజాల దాకా ఉంది. పిల్లలు ఇలాంటివి పెద్దవాళ్ల కంటే ముందే కనిపెడతారు. గీత కనిపిస్తే చాలు, దాని పక్కన నిలబడి తమ ఎత్తుతో పోల్చుకుంటారు. అక్కడ నీళ్లు ఎక్కువ లేచాయా? లేవలేదు. నిలిచిన నీటి మట్టం వీధంతా ఒకటే. నేలే ఎత్తుపల్లాలుగా ఉంది.

రెండో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? టేపు పట్టి గీత ఎత్తు కొలిస్తే లెక్కలు. మా ఇంట్లోకి నీళ్లు ఎలా వచ్చాయో నాలుగు మాటలు చెప్పి, రాస్తే తెలుగు. ఏ మూల నుంచి వచ్చాయో బొమ్మ గీస్తే వీధి పటం. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నిలిచిన నీరు ఒకే మట్టంలో ఉంటుందని తెలుసుకుంటే సైన్స్. భయపడిన పిల్లలు ఆ భయాన్ని మాటల్లో పెట్టుకోవడానికీ అదే చోటు. ఈ పని చేయించగల టీచరును ఎలా తయారు చేయాలన్న ప్రశ్న మాత్రం మన దేశంలో ఎనభై ఏళ్లకు పైగా నలుగుతూనే ఉంది.

మొదటి గట్టి ప్రయత్నం 1937లో వార్ధాలో మొదలైంది. గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు తర్వాత జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఒక చేతిపనిని మధ్యలో పెట్టి, మాతృభాష, లెక్కలు, సాంఘికం, సామాన్య శాస్త్రం అన్నీ దాని చుట్టూ అల్లాలన్నది ఆలోచన. రాట్నం తిప్పే పిల్ల నూలు పొడవు కొలుస్తుంది, పత్తి ఏ నేలలో పండుతుందో అడుగుతుంది, తడి గాలికి దారం ఎందుకు మారుతుందో చూస్తుంది. 20 లక్షల రాట్నాలు తిప్పించాలని 1921లో కాంగ్రెస్ తీర్మానించింది బెజవాడలోనే. కాబట్టి రాట్నం మన వాళ్లకు కొత్త వస్తువు కాదు. కొత్తది టీచరు పని. దారం నుంచి లెక్కకు, లెక్క నుంచి నేలకు వెళ్లే దారి టీచరుకే ముందు తెలియాలి. నూలు వడకడం నేర్పించడం తేలిక, ఆ దారి చూపించడం కష్టం. కష్టమైనది జారిపోయి, ఈ పద్ధతిలో నడిచిన బేసిక్ స్కూళ్లలో చాలా చోట్ల చివరికి చేతిపని ఒక పీరియడ్‌గా, చదువు ఇంకో పీరియడ్‌గా మిగిలాయి. తర్వాతి కథ అంతటికీ బీజం ఇక్కడే ఉందని నా నమ్మకం.

1964-66 నాటి కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ల చదువులో సైన్స్, గణితం అందరికీ తప్పనిసరి అంది. దగ్గర దగ్గర బడులన్నీ ఒక గుంపుగా కలిసి పని చేయాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కూడా ఆ నివేదికదే. ఈ రోజు మన టీచర్లు వెళ్లే కాంప్లెక్స్ మీటింగుల మూలం అక్కడుంది. ఆ తర్వాత యునిసెఫ్ సాయంతో సైన్స్ కిట్లు తయారయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ ప్రయోగం నడిచింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. పిల్లల కార్యక్రమాలు, వ్యవసాయ కార్యక్రమాలు అందరికీ గుర్తున్నాయి. అదే టీవీతో వేల మంది ప్రాథమిక టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చిన సంగతి తక్కువ మందికి తెలుసు. అంత మందికి ఒకేసారి ఒకే పాఠం అందించవచ్చని తేలింది. టీవీలో చూసిన ప్రయోగాన్ని తన ఊరి వస్తువులతో చేయగలగడం వేరే సంగతి.

1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కూడా ఇలాంటి పాఠమే నేర్పింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి అన్నారు. ఆ సామగ్రిలో సైన్స్ కిట్టూ ఉంది. చాలా బడుల్లో ఆ పెట్టె బీరువాలోకి వెళ్లి తాళం వేయించుకుంది. పగిలితే, పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఒకటి. తీసి ఏం చేయాలో తెలియకపోవడం రెండోది. టీచర్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వస్తువు పంపించి, దాన్ని వాడే అలవాటును పంపించకపోతే జరిగేది అదే.

పుస్తకాల వైపు చూస్తే మార్పు నిజంగానే వచ్చింది. 1975లో ఎన్‌సీఈఆర్‌టీ పదేళ్ల బడి చదువుకు వేసిన ప్రణాళిక, ప్రాథమిక స్థాయిలో సైన్స్, సాంఘికం విడివిడిగా కాకుండా పరిసరాల అధ్యయనం అనే ఒకే సబ్జెక్టు ఉండాలంది. ఆచరణలో 3 నుంచి 5 తరగతులకు అది రెండు భాగాలైంది. ఒక భాగం సాంఘికం, ఇంకో భాగం సైన్స్. పేరు కలిసింది, పుస్తకం కలవలేదు. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద పడుతున్న చదువు భారం గురించి రాసింది. 2000, 2005 జాతీయ ప్రణాళికలు రెండు భాగాలనూ నిజంగా కలపాలన్నాయి. మన రాష్ట్రంలో 2011 ప్రణాళిక ఆ దారిలోనే నడిచింది. 3, 4, 5 తరగతులకు పరిసరాల విజ్ఞానం, బడి భాషలో ఈవీఎస్. ఒకటి, రెండు తరగతులకు దానికి విడి పుస్తకమే లేదు. ఆ విషయాలు తెలుగు, లెక్కల పాఠాల్లోనే ఇమిడి ఉండాలి.

ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు నా దృష్టిలో ఇదే. ఆరేళ్ల పిల్లకు సైన్స్ పుస్తకం వద్దన్న నిర్ణయం మంచిదే. కానీ పుస్తకం తీసేసిన చోట బరువంతా టీచరు మీద పడింది. తెలుగు వాచకంలో వాన పాట వస్తే, ఆ రోజు గిన్నె బయట పెట్టి వాన నీళ్లు కొలిపించాలని ఆ పేజీలో రాసి ఉండదు. అది టీచరుకు తట్టాలి. తట్టేలా చేసేది శిక్షణ ఒక్కటే.

1986 విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ సంస్థ, వచ్చింది. ఉమ్మడి గుంటూరు జిల్లాకు బోయపాలెం, కృష్ణా జిల్లాకు అంగలూరు. ప్రాథమిక బడుల్లో చెప్పే వేల మంది ఎస్జీటీలు ఆ గదుల నుంచే వచ్చారు. అక్కడ తెలుగు బోధన ఒక పేపరు, గణిత బోధన ఒకటి, పరిసరాల విజ్ఞాన బోధన మరొకటి. లెసన్ ప్లానులూ విడివిడిగా రాస్తారు, టీచింగ్ ప్రాక్టీసులో మార్కులూ విడివిడిగా వేస్తారు. రెండేళ్లు విడగొట్టి నేర్పి, బడికి వెళ్లాక కలిపి చెప్పమంటున్నాం. పైగా ఇంటర్‌లో ఆర్ట్స్ చదివి వచ్చినవాళ్లలో చాలామందికి సైన్స్ అంటే ఇప్పటికీ టెన్షనే. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు తెలియకపోతే ఎలా అన్నదే ఆ టెన్షన్. ‘నాకూ తెలియదు, చూద్దాం రా’ అనే ధైర్యం ఏ పేపరులోనూ లేదు.

ఆ ధైర్యం ఇవ్వడానికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటుంది. బ్రిటిష్ సాయంతో 1980లలో చిన్నగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. పాత టీచర్లు ఆపెప్ అంటే వెంటనే గుర్తు పడతారు. దానికి ఆరు సూత్రాలు. చేసి నేర్చుకోవడం, కృత్యాలను టీచరే తయారు చేసుకోవడం, ఒంటరిగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద పెట్టడం. ఈ ఆరింటిలో ఒక్కదాంట్లో కూడా సబ్జెక్టు పేరు లేదని గమనించండి. అందుకే అది అన్ని సబ్జెక్టులకూ సరిపోయింది. శిక్షణ అయిపోయాక వదిలేయకుండా, టీచర్లు తమ ప్రాంతంలోని టీచర్స్ సెంటర్లో మళ్లీ మళ్లీ కలిసి, చేసింది చెప్పుకుని, కుదరనిది అడిగే ఏర్పాటు పెట్టారు. నాకు ఆపెప్‌లో అన్నిటికంటే విలువైనది ఆ ఏర్పాటే. లోపాలూ ఉన్నాయి. చాలా చోట్ల సూత్రాలు పోయి గోడల మీద చార్టులు, తాడుకు వేలాడే బొమ్మలు మాత్రం మిగిలాయి. 1990ల మధ్యలో ఆ డబ్బు ఆగింది. తర్వాత డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్ అనే ప్రాథమిక విద్యా పథకాలు కొత్త శిక్షణ మాడ్యూళ్లతో వచ్చాయి. దాదాపు ఆపెప్ కాలంలోనే, 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రికతో, పిల్లల సంబరాలతో బడి బయట సైన్స్‌కు చోటు చేసింది. అందులో పని చేసినవాళ్లలో టీచర్లు ఎందరో.

పెద్ద సంఖ్యలో శిక్షణ ఇవ్వాల్సి వచ్చేసరికి మెట్ల పద్ధతి స్థిరపడింది. రాష్ట్ర స్థాయిలో కొందరికి, వాళ్ల ద్వారా జిల్లా వాళ్లకు, వాళ్ల ద్వారా మండలంలోని టీచర్లకు. పై మెట్టు మీద చేతులతో చేసిన పని, కింది మెట్టుకు వచ్చేసరికి పీపీటీ అవుతుంది. గుంటూరులో ఒక శిక్షణలో నేను కూర్చున్నాను. విత్తనాలు మొలకెత్తించే కృత్యం గురించి గంటసేపు చెప్పారు. గదిలో ఒక్క విత్తనం లేదు. బయట వరండాలో మధ్యాహ్న భోజనం కోసం కడిగిన పెసలు గిన్నెలో ఉన్నాయి.

2020 నుంచి వేగం పెరిగింది. జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను ఒకటిగా చూడమంది, టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. 2021లో నిపుణ్ భారత్ వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రానికి ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల సాల్ట్ పథకం మంజూరైంది. రెండిటి గురీ చదవడం, లెక్కలు. ఆ గురి అవసరమే. చదవడం రాని పిల్లల సంఖ్య తెలిసినవాళ్లెవరూ కాదనరు. అయితే శిక్షణ సమయమంతా అక్షరానికీ అంకెకూ వెళ్లి, సైన్స్ మూడో తరగతి దాకా ఆగాలన్న భావన బలపడుతోంది. ఇది నాకు బాధగా ఉంటుంది. పిల్లలు చదవాలంటే చదవాలనిపించే సంగతి ఏదో ఉండాలి. చీమల బారు గురించి తానే చూసి చెప్పిన రెండు వాక్యాలను పిల్ల ఎంత ఆత్రంగా చదువుతుందో చూసినవాళ్లకు తెలుసు.

2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను చాలా చోట్ల హైస్కూళ్లకు కలిపి సబ్జెక్టు టీచర్లతో చెప్పించారు. సబ్జెక్టు తెలిసిన టీచరు దొరికారు, రోజంతా పిల్లలతో ఉండే టీచరు పోయారు. 2025లో ఆ పద్ధతి నుంచి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇక విజయవాడ, గుంటూరు ప్రైవేటు బడుల్లో ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సైన్స్‌ను చిన్నప్పటి నుంచే విడగొట్టి చెప్పే ఒత్తిడి వేరే ఉంది.

గుంటూరు దగ్గర ఒక కాంప్లెక్స్‌లో మాత్రం ఈ మధ్య ఒక మంచి పని చూశాను. మార్చిలో కళ్లాల నిండా మిర్చి. ఒక టీచరమ్మ అడిగారు: ‘‘కిలో పండు మిర్చి ఎండితే ఎంత మిగులుతుంది సార్?’’ ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. చెప్పడం ఆపి, ఎవరి బడిలో వాళ్లు పిల్లలతో ఎండబెట్టి, రోజూ తూచి, రాయించాలనుకున్నారు. తర్వాతి మీటింగుకు నోటు పుస్తకాలు పట్టుకొచ్చారు. ఒక బడిలో మూడో వంతు మిగిలింది, ఇంకో బడిలో నాలుగో వంతే. తాలు కాయలు ఏరేశారా, రాత్రి మంచు పడిందా, తక్కెడ తేడానా అని వాదన మొదలైంది. ఒక బడి పిల్లలైతే కాయ ముడతలను రోజుకొక బొమ్మగా గీశారు. ఇంకో బడిలో మిర్చికి సంబంధించిన మాటలు ఇంటి నుంచి పోగు చేసుకొచ్చారు. మీటింగు సమయం అయిపోయింది. తేడా ఎందుకు వచ్చిందో తేలలేదు. ఈసారి అందరూ ఒకే రైతు దగ్గర కాయలు తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు.