పిడికెడు బియ్యం బస్తా అయ్యేదాకా

చిరంజీవులు పిల్లలకు తాత ఆశీస్సులు.

కార్తీకం వానలకు స్వర్ణముఖి పారుతోందని, తిరుపతి దగ్గర ఒక మురుగు కాలువ నురగలతో అందులో కలుస్తోందని రాశారు. "ఈ నీళ్ళు నాయుడుపేట దాటి బంగాళాఖాతానికే కదా పోతాయి! అంత సముద్రంలో కాస్త విషం పలచబడిపోదా తాతా?" అని చిన్నమ్మి అడిగింది. పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారమ్మా.

నా చిన్నతనంలో ధనుర్మాసం తెల్లవారుజామున భజన చేస్తూ ఇంటింటా బియ్యం అడిగేవాళ్ళం. ఇంటికి పిడికెడే. కరువు ఏడాది కూడా మా అవ్వ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి ఇచ్చేది. మా గిన్నెలు నిండితే గంపలోకి, గంపలు నిండితే బస్తాలోకి. నెలాఖరుకు ఆ బస్తా ఎత్తడానికి ఇద్దరు కావాలి.

సముద్రంలోనూ అంతే. కంటికి ఆనని నాచు దగ్గర పిడికెడు విషం. ఆ నాచును తిన్న పురుగు గిన్నె, పురుగులను తిన్న చిన్న చేప గంప, దాన్ని మింగిన పెద్ద చేప బస్తా. మన బస్తా సంక్రాంతికి వండితే ఖాళీ అయ్యేది. ఒంట్లో చేరిన విషం మాత్రం అంత తొందరగా దిగదు.

జపాన్‌లో మినమాత అనే ఊరుంది. అక్కడ చిస్సో కంపెనీ కర్మాగారం 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాలను నీళ్ళలోకి వదిలింది. మొదట అఖాతంలోకి. 1958లో ఆ కాలువను నది ముఖద్వారం వైపు తిప్పితే జబ్బు మరిన్ని ఊళ్ళకు పాకింది. చేపలు తిన్న పిల్లులు గిలగిల తిరిగి సముద్రంలో పడ్డాయి. తరువాత మనుషులకు చేతులు వణికాయి, మాట తడబడింది, చూపు కుంచించుకుపోయింది. ఇదేదో తెలియని జబ్బని 1956 మే 1న అధికారులకు తెలిపింది ఆ కర్మాగారపు ఆసుపత్రి వైద్యులే.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి వేరే ఉంది. పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లులకు కూడా జబ్బుతో బిడ్డలు పుట్టారు. తల్లి తిన్న చేపలోని విషం కడుపులో బిడ్డకు చేరింది. పారబోసేవాడు "పిడికెడే కదా" అంటే ఒప్పుకోకండి. అది ఎవరి ఒంట్లో బస్తా అవుతుందో వాడు చూడడు.

విషం చేరిన చేపలు బయటికి దాటిపోకుండా మినమాత అఖాతంలో కట్టిన వలలను 1997లో గానీ తీయలేదు.

ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని, నీళ్ళలో దిగకుండా, గట్టు మీదనే ఆ కాలువ వెంట ఎగువకు నడవండి. ఎక్కడెక్కడ ఏ గొట్టం కలుస్తోందో, నీళ్ళ రంగు ఎక్కడ మారుతోందో నోటుబుక్కులో బొమ్మ గీసి నాకు పంపండి.